పాత ట్రాక్టరుకు బ్యాటరీ పెట్టాలంటే ముందు డీజిల్ లెక్క తీయండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. మీ దగ్గర పాత మాస్సీ ఫెర్గూసన్ 35 ఉంది. ఇంజన్ పట్టేసింది, గేర్‌బాక్సు, లిఫ్టు మాత్రం బాగున్నాయి. ఇంజన్ మళ్లీ కట్టించే బదులు మోటారు, బ్యాటరీ పెట్టుకోవాలని ఆలోచన. 35 హెచ్‌పీ కాబట్టి 26 కిలోవాట్ల మోటారే కావాలా, బ్యాటరీ ఎంత పెట్టాలి, రోజంతా దున్నుతుందా, మూలన పడి ఉన్న త్రీ ఫేజ్ మోటారు పనికొస్తుందా అని అడిగారు. ట్రాక్టర్లు, ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసే పనిలో చాలా కాలంగా ఉన్నాను. ఇలాంటి మార్పిళ్లు చేశాను, వేరేవాళ్లు మొదలుపెట్టి సగంలో వదిలేసినవీ చూశాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

రోజంతా దున్నదు. ఇది ముందే చెప్పేస్తే మిగతాదంతా చదవాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. మీ బండికి ముఖ్యమైన పని లోతు దుక్కి అయితే ఇంజన్ బాగుచేయించుకోండి, ఈ ఆలోచన వదిలేయండి. స్ప్రేయరు, గడ్డి కోత, కలుపు తీసే గొర్రు, ట్రాలీతో దగ్గర దూరాలు, పశువుల కొట్టం పనులు, గంటో గంటన్నరో రోటవేటరు లాంటివైతే ఎలక్ట్రిక్ చాలా హాయిగా ఉంటుంది. ఎందుకో లెక్కలో చూద్దాం.

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, అంటే కిలోవాట్ ఒక గంట. పాత ఇంజన్ బాగా లోడు మీద ఉన్నప్పుడు అందులో మూడు యూనిట్ల దాకా క్రాంకు దగ్గరికి పని రూపంలో వస్తుంది. మిగతాదంతా రేడియేటరులో, సైలెన్సరులో పోతుంది. లోడు తక్కువగా ఉంటే రెండు యూనిట్లు రావడమే గొప్ప. ఐడిల్‌లో నిలబడి ఉంటే డీజిల్ పోతుందే తప్ప పని ఏమీ రాదు.

ఈ ఒక్క లెక్కతో బ్యాటరీ సైజు తేలిపోతుంది. ఇంజన్ ఆగిపోక ముందు ఏ పనికి గంటకు ఎంత డీజిల్ తాగేదో మీకు గుర్తుండే ఉంటుంది. లేకపోతే అదే సైజు బండి ఉన్నవాళ్లని అడగండి. ట్యాంకు నిండా పోసి, పని చేసి, మళ్లీ నిండా పోసి చూస్తే సరిగ్గా తెలుస్తుంది. ఉదాహరణకు రోటవేటరుకు గంటకు 4 లీటర్లు అనుకుందాం. లీటరుకు మూడు చొప్పున 12 యూనిట్ల పని. మోటారులో, దానికి కరెంటు సర్ది పంపే కంట్రోలరులో, కేబుళ్లలో కొంత పోతుంది కాబట్టి బ్యాటరీ నుంచి 14 తీయాలి. స్ప్రేయరు లాంటి తేలిక పనికి గంటకు లీటరున్నర అయితే, లోడు తక్కువ కాబట్టి లీటరుకు రెండే లెక్కేయండి. మూడు యూనిట్ల పని, బ్యాటరీ నుంచి మూడున్నర. ట్రాలీ నింపేటప్పుడు, గేటు దగ్గర మాట్లాడుకుంటూ ఆగినప్పుడు మోటారు దాదాపు ఏమీ తినదు.

ఇప్పుడు రోజంతా దుక్కి లెక్క చూడండి. గంటకు 5 లీటర్లు, 8 గంటలు, మొత్తం 40 లీటర్లు. 120 యూనిట్ల పని, బ్యాటరీ నుంచి 140. అడుగంటా వాడకూడదు కాబట్టి 165 యూనిట్ల బ్యాటరీ కావాలి. మార్కెట్లో ఎక్కువగా దొరికే 280 ఆంపియర్ అవర్ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ ఒక్కోటి 0.9 యూనిట్, బరువు అయిదున్నర కిలోలకు దగ్గర. అలాంటివి 180కి పైగా కావాలి. ఒట్టి సెళ్ల బరువే టన్ను. మీ బండి మొత్తం కలిపి టన్నున్నర ఉంటుంది. అందుకే కాదన్నాను. మోటారుకు దున్నే బలం లేక కాదు, సున్నా వేగం దగ్గరే పూర్తి టార్క్ (తిప్పే బలం) ఇచ్చే మోటారు పాత డీజిల్ కంటే గట్టిగా లాగుతుంది. దాని వెనక అంత బ్యాటరీ మోయలేం, అంతే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు లెండి. 1959లో అల్లిస్ చామర్స్ కంపెనీ గ్యాసు నుంచి నేరుగా కరెంటు చేసే 1008 ఫ్యూయల్ సెళ్లతో ఒక ట్రాక్టరు చేసి పొలంలో దున్ని చూపించింది, 15 కిలోవాట్ల శక్తితో. 1969 నుంచి 1975 దాకా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఎలెక్‌ట్రాక్ అనే చిన్న తోట ట్రాక్టరును లెడ్ యాసిడ్ బ్యాటరీలతో అమ్మింది. వాటిలో కొన్ని ఇంకా నడుస్తున్నాయి. అమెరికాలో చిన్న కూరగాయల రైతులు ఎక్కువగా మార్చుకున్నది అల్లిస్ చామర్స్ జీ మోడలు. 1948 నుంచి 1955 దాకా వచ్చిన బండి, పది హెచ్‌పీ ఇంజను, అదీ సీటు వెనక వేలాడుతూ ఉంటుంది. విప్పడం తేలిక, తీసేసినా బండి విరగదు, చేసేది కలుపు, విత్తనం పనులు. ఆ మార్పిళ్లు బాగా నడిచాయంటే కారణం మోటారు గొప్పదనం కంటే, పని, బండి ఒకదానికొకటి సరిపోవడమే.

మీ బండి అలాంటిది కాదు. మాస్సీ 35లో, దానికి ముందు వచ్చిన ఫెర్గూసన్‌లలో ఇంజన్ బ్లాకే ఛాసిస్. ముందు యాక్సిల్ వచ్చి ఇంజనుకు బిగుసుకుంటుంది, ఇంజన్ వెళ్లి గేర్‌బాక్సుకు బిగుసుకుంటుంది. ఇంజన్ తీసేస్తే బండి రెండు ముక్కలు. కారు మార్పిడి వీడియోలు చూసి వచ్చినవాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడే. ఇంజన్ ఉన్న చోట గట్టి ఫ్రేము కట్టాలి. గేర్‌బాక్సు వైపు ఒక మందపాటి ప్లేటు, ముందు యాక్సిల్ సపోర్టు వైపు ఇంకో ప్లేటు, రెండింటినీ కలుపుతూ రెండు పక్కలా సి ఛానళ్లో, చదరపు పైపులో, వాటి మధ్య అడ్డ బద్దెలు. రెండు పక్కల ఛానళ్లు విడివిడిగా ఉంటే ఒక ముందు చక్రం గట్టు ఎక్కినప్పుడు ఫ్రేము మెలి తిరుగుతుంది. మెలి తిరిగితే మోటారు షాఫ్టు, గేర్‌బాక్సు షాఫ్టు వరస తప్పుతాయి. కాబట్టి మోటారును ఫ్రేముకు బిగించకండి, గేర్‌బాక్సు వైపు అడాప్టరు ప్లేటుకే బిగించి, ఫ్రేము దాని చుట్టూ వెళ్లేలా చూసుకోండి. ఫ్రేము వెల్డింగు మాత్రం అనుభవం ఉన్నవాళ్ల చేత చేయించండి. ముందు లోడరు ఉన్న బండి అయితే ఇంజనీరు లెక్క లేకుండా దిగవద్దు.

ఇంజన్ విప్పే ముందు ఒక కొలత తీసుకోవాలి, తర్వాత ఎంత తల కొట్టుకున్నా దొరకదు. గేర్‌బాక్సు గూడు ఇంజనుకు ఆనే ముఖం నుంచి ఫ్లైవీల్ మీద క్లచ్ ప్లేటు ఆనే ముఖం దాకా ఎంత దూరం ఉందో రాసిపెట్టుకోండి. కొత్త మోటారు మీద కట్టే హబ్బు, ఫ్లైవీల్ సరిగ్గా అదే లోతులో ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే క్లచ్ సరిగ్గా విడవదు, లేదా జారుతుంది. అలాగే ఇంజన్ ఏ వైపు తిరిగేదో రాసుకోండి, ఇంకో కాగితం మీద కాదు, గూడు మీదే పెయింటుతో.

క్లచ్ ఉంచాలా తీసేయాలా అని తర్వాత మీకే సందేహం వస్తుంది. ఉంచండి. మోటారు సున్నా నుంచి లాగుతుంది కాబట్టి క్లచ్ అక్కర్లేదనే వాదన కార్లకు సరిపోతుంది. ట్రాక్టరులో పాత గేర్లు ఆగి ఉంటేనే సరిగ్గా పడతాయి. పీటీఓ, అంటే వెనక పనిముట్టును తిప్పే షాఫ్టు, విడదీయాలన్నా, రోటవేటరులో రాయి ఇరుక్కున్నప్పుడు వెంటనే శక్తి ఆపాలన్నా కాలి కింద ఒక పెడల్ ఉండటం మంచిది. ఇంకో సంగతి లిఫ్టు. ఈ తరహా బండ్లలో హైడ్రాలిక్ పంపు వెనక గూడులో ఉండి పీటీఓ షాఫ్టుతో తిరుగుతుంది. అంటే మోటారు ఆగితే లిఫ్టూ ఆగుతుంది. కాబట్టి మీ మోటారుకు కూడా డీజిల్‌లా ఒక ఐడిల్ వేగం పెట్టుకోవాలి, నిమిషానికి 700, 800 చుట్లు చాలు. లేదా లిఫ్టుకు విడిగా చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్టుకోవచ్చు. కానీ ఆ గూడులోని పాత పంపు, దుక్కి లోతును సర్దే డ్రాఫ్ట్ కంట్రోలు అన్నీ బాగున్నప్పుడు వాటిని కదిలించడం తెలివైన పని కాదు.

క్లచ్ ఉంచితే ఒక చిక్కు ఉంది, చాలామంది పట్టించుకోరు. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ఫ్లైవీల్ వైపు వంద కిలోల పైచిలుకు బలంతో నెడుతుంది. ఇంజనులో ఆ తోపుడును క్రాంకు థ్రస్ట్ బేరింగు తట్టుకుంటుంది. మామూలు మోటారు బేరింగులు షాఫ్టు పొడవునా వచ్చే అంత తోపుడును ఎక్కువకాలం తట్టుకోవు. నేను చూసిన పాడైన మార్పిళ్లలో మోటారు ముందు బేరింగు గలగలమనడం మామూలు సంగతి. దీనికి మందు ఏంటంటే, అడాప్టరు ప్లేటులోనే ఒక బేరింగు గూడు చేయించి, ఫ్లైవీల్‌ను మోసే చిన్న షాఫ్టు అందులో కూర్చోబెట్టడం. తోపుడు అంతా ఆ గూడు తీసుకుంటుంది. ఆ షాఫ్టుకు, మోటారుకు మధ్య రబ్బరు ముక్క ఉన్న కప్లింగు పెడితే కొద్దిపాటి వరస తేడా కూడా సర్దుకుంటుంది. లేత్ పని కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. డయల్ గేజీ పెట్టి తిప్పి చూస్తే ఊగులాట 0.1 మిల్లీమీటరు లోపు ఉండాలి. గేర్‌బాక్సు షాఫ్టు కొనను మోసే పైలట్ బేరింగు మర్చిపోకండి.

మోటారు సంగతికి వద్దాం. 35 హెచ్‌పీ అనేది మీ ఇంజన్ ఎప్పుడో ఒకసారి, పూర్తి థ్రాటిల్‌లో ఇవ్వగలిగే గరిష్ఠం. తేలిక పనుల్లో అందులో మూడో వంతు కూడా వాడి ఉండరు. మోటారుకు రెండు రేటింగులు ఉంటాయి. గంటలకొద్దీ వేడెక్కకుండా ఇవ్వగలిగేది ఒకటి, ఒకటి రెండు నిమిషాలు ఇచ్చేది ఇంకొకటి. పైన చెప్పిన పనులకు ఆగకుండా 15 కిలోవాట్లు, కాసేపటికి 30 ఇచ్చే మోటారు సరిపోతుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో ఉండేది ఎప్పుడూ రెండోదే, గమనించండి.

కిలోవాట్ల కంటే చుట్ల సంఖ్య ముఖ్యం. పాత ట్రాక్టర్లలో పీటీఓ 540 చుట్లు తిరగాలంటే ఇంజన్ సాధారణంగా 1500 నుంచి 1800 మధ్య తిరగాలి. మీ బండికి సరిగ్గా ఎంతో మీటరు మీద గుర్తు ఉంటుంది. మోటారు కూడా అక్కడే బలంగా ఉండాలి. టార్క్ లెక్క తేలిక: కిలోవాట్లను 9550తో గుణించి చుట్లతో భాగిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. 26 కిలోవాట్లు, 2000 చుట్ల ఇంజన్ అయితే 124. 15 కిలోవాట్ల మోటారు 1500 చుట్ల దగ్గర ఇచ్చేది 95, కాసేపటికి దాని రెట్టింపు. ఎలక్ట్రిక్ కారు మోటారు చౌకగా దొరికిందని తెస్తే అది ఎన్నో వేల చుట్ల దగ్గర గాని పూర్తి కిలోవాట్లు చూపించదు. మధ్యలో పళ్ల బెల్టో, గేర్లో పెట్టి వేగం తగ్గించాలి, ఆ పెట్టె దుమ్ములో నిలబడాలి. ఫోర్క్‌లిఫ్టు మోటార్లు తక్కువ చుట్లకే చేసినవి, బరువు ఎక్కువ, ట్రాక్టరుకు ఆ బరువు దోషమే కాదు.

ఫోర్క్‌లిఫ్టు మోటారులో బ్రష్షులున్న సిరీస్ డీసీ మోటారు దొరికితే మాత్రం జాగ్రత్త. లోడు లేకపోతే దాని వేగానికి హద్దు ఉండదు. మీరు క్లచ్ తొక్కిన క్షణంలో లోడు పోతుంది, కాలు యాక్సిలరేటరు మీద ఉంటే అది పరుగెత్తి పరుగెత్తి లోపలి రాగి చుట్లు బయటికి చిమ్ముకునేదాకా పోతుంది. క్లచ్ ఉన్న ట్రాక్టరుకు అది పెట్టాలంటే వేగం చూసి కోసేసే సెన్సరు తప్పనిసరి. నా మాట అడిగితే ఏసీ ఇండక్షన్ మోటారో, పర్మనెంట్ మాగ్నెట్ మోటారో, దానికి జతగా వచ్చిన కంట్రోలరుతో కలిపి తీసుకోండి. మోటారు ఒక చోట, కంట్రోలరు ఒక చోట కొని జత కుదర్చడానికి వారాలు వారాలు తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఆ కంట్రోలరులో ఒక్క సెట్టింగు మీ బండి ట్రాక్టరులా నడుస్తుందా, కారులా నడుస్తుందా అన్నది తేలుస్తుంది. కారులో పెడల్ ఎంత నొక్కితే అంత టార్క్. రోటవేటరు వెనక అలా పెడితే నేల మెత్తగా ఉన్న చోట మోటారు పరుగెత్తుతుంది, గట్టిగా ఉన్న చోట కూలబడుతుంది, మీ కాలు రోజంతా పెడల్‌తో కుస్తీ పడుతుంది. డీజిల్ ట్రాక్టరులో చేతి థ్రాటిల్ ఒక చోట పెట్టి వదిలేస్తాం, లోడు పెరిగితే గవర్నరు డీజిల్ పెంచి చుట్లు నిలబెడుతుంది. కంట్రోలరును టార్క్ మోడ్‌లో కాకుండా స్పీడ్ మోడ్‌లో పెడితే అదే పని చేస్తుంది. కొనేముందు ఆ మోడ్ ఉందా అని అడగండి, లేకపోతే కొనవద్దు.

వేడి గురించి ఒక మాట. షాఫ్టు మీదే ఫ్యాన్ ఉన్న మోటారు నెమ్మదిగా తిరుగుతూ గట్టిగా లాగుతున్నప్పుడు గాలి సరిగా తగలదు, వేడి మాత్రం అప్పుడే ఎక్కువ. విడిగా తిరిగే బ్లోయరు పెట్టండి, గాలి తీసుకునే చోట కడగడానికి వీలైన ఫిల్టరు పెట్టండి. మోటారులోని ఉష్ణోగ్రత సెన్సరు వైరు కంట్రోలరుకు కలపకుండా వదిలేయకండి.

బ్యాటరీకి ఎల్ఎఫ్‌పీ తప్ప ఇంకేదీ చెప్పను. వేడి నేల మీద, దుమ్ములో, కుదుపుల్లో నడిచే బండికి నిప్పు అంటుకునే భయం తక్కువున్న రసాయనం కావాలి, రెండు మూడు వేల సార్లు చార్జింగు తట్టుకోవాలి. లెడ్ యాసిడ్ మీద కొందరికి ఇంకా మోజు ఉంది, బరువు ట్రాక్టరుకు మంచిదే కదా అంటారు. 20 యూనిట్ల లెడ్ యాసిడ్ దాదాపు 600 కిలోలు, సగానికి మించి వాడితే త్వరగా పోతుంది. అంత బరువు ముందు యాక్సిల్ మీద వేస్తే స్టీరింగు తిప్పలేరు. ట్రాక్టరుకు బరువు కావాలి నిజమే, కానీ కావాల్సింది వెనక చక్రాల దగ్గర, అదీ పని బట్టి. ఆ బరువును ఇనుప ముక్కల రూపంలో పెట్టుకోండి, అక్కర్లేనప్పుడు విప్పుకోవచ్చు.

24 సెళ్లు వరసగా కలిపితే 76.8 వోల్టులు, 21.5 యూనిట్లు, సెళ్ల బరువు 130 కిలోలు. అడుగున 15 శాతం ఇంటికి రావడానికి వదిలేస్తే 18 యూనిట్లు చేతిలో ఉంటాయి. పైన లెక్క ప్రకారం రోటవేటరుకు గంటా ఇరవై నిమిషాలు, తేలిక పనికి అయిదు గంటలు. తీసేసిన ఇంజను, రేడియేటరు, డీజిలు కలిపి చూస్తే బరువు కూడా పెద్దగా మారదు. 16 సెళ్లతో 51.2 వోల్టులకు ఆగిపోవచ్చు కదా అంటారేమో. 60 వోల్టుల డీసీ లోపు ఉంటే తాకినా ప్రమాదం తక్కువ, ఆ సుఖం ఉంది. కానీ 30 కిలోవాట్లు లాగినప్పుడు దాదాపు 600 ఆంపియర్లు పోతాయి. ఈ పెద్ద సెళ్లు చాలావరకు ఇంటి సోలారు నిల్వ కోసం చేసినవి, 280 ఆంపియర్ అవర్ సెల్ నుంచి నిలకడగా 280 ఆంపియర్లకు మించి అడగకూడదు. 76.8 వోల్టుల దగ్గర 15 కిలోవాట్లకు 195, ముప్పైకి 400 లోపు. కాసేపు ఓర్చుకుంటాయి. కొనేటప్పుడు సెల్ కాగితాల్లో నిలకడ కరెంటు, కాసేపటి కరెంటు రెండూ చూడండి.

ట్రాక్టరుకు స్ప్రింగులు ఉండవు, అది మర్చిపోతే బ్యాటరీ మొదటి ఏడాదిలోనే మొరాయిస్తుంది. సెళ్లను నిలువుగా, రెండు గట్టి ప్లేట్ల మధ్య నొక్కి బిగించాలి. సెల్‌కు సెల్‌కు మధ్య పలచటి ఇన్సులేషన్ షీటు పెట్టాలి, సెళ్ల అల్యూమినియం ఒళ్లు ఒరుసుకుంటే షార్ట్ అవుతాయి. కలిపే పట్టీలు మెత్తగా వంగే రకం వాడండి. గట్టి రాగి పట్టీ అయితే ప్రతి కుదుపూ సెల్ టెర్మినల్‌ను లాగుతుంది, కొన్నాళ్లకు మర తెగుతుంది లేదా అక్కడ వేడెక్కుతుంది. పెట్టె మొత్తాన్ని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టండి. బురదలో దమ్ము చేసే బండి అయితే పెట్టె అడుగు ఇంజన్ ఆయిల్ సంపు ఉండే ఎత్తు కంటే కిందికి రాకూడదు, వైర్లన్నీ కిందివైపు నుంచి గ్లాండులతో లోపలికి వెళ్లాలి. అలాగని బరువంతా పైకి పెట్టేస్తే గట్ల మీద బండి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది. ఎలుకలు నారింజ రంగు (హై వోల్టేజి) కేబుల్ అని చూడవు, కన్నాలన్నీ జాలీతో మూయండి.

కరెంటు భాగంలో పొదుపు చేయకూడనివి: ప్రతి సెల్‌నూ విడిగా చూసే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్), డీసీకి రేటింగు ఉన్న ఫ్యూజు, పెద్ద కరెంటును కలిపి విడదీసే కాంటాక్టరు, దాని పక్కన ప్రీచార్జ్ రెసిస్టరు, చేయి అందేంత దూరంలో ఎర్ర ఆపుడు బటను. ఇంట్లో వాడే ఏసీ బ్రేకరు పెట్టేవాళ్లున్నారు. ఏసీ కరెంటు క్షణానికి ఎన్నోసార్లు సున్నా మీదుగా పోతుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీ అలా పోదు, బ్రేకరు తెరుచుకున్నా లోపల రవ్వ మండుతూనే ఉంటుంది, ఆ డబ్బా కరిగిపోతుంది. ప్రీచార్జ్ లేకపోతే తాళం తిప్పిన ప్రతిసారీ కంట్రోలరు కెపాసిటర్లలోకి ఒక్కసారిగా కరెంటు దూకి కాంటాక్టరు ముక్కులు అతుక్కుపోతాయి. అతుక్కున్న కాంటాక్టరు ఇక ఆపదు.

బ్యాటరీ ఎంత ఉందో చూడటానికి వోల్టు మీటరు నమ్మకండి. ఎల్ఎఫ్‌పీ వోల్టేజి చాలా దూరం ఒకే చోట ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. షంటుతో (కరెంటు కొలిచే చిన్న రెసిస్టరు) ఆంపియర్ అవర్లు లెక్కపెట్టే మీటరు పెట్టుకోండి. చార్జింగు మామూలు 3 కిలోవాట్ల చార్జరుతో ఆరేడు గంటలు, రాత్రి పెట్టి పొద్దున తీయడమే. గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల కింద, ఎల్ఎఫ్‌పీని చార్జి చేయకూడదు. మండుటెండలో నల్ల రేకు పెట్టె కూడా మంచిది కాదు, పైన నీడ రేకు వేయండి.

శబ్దం లేకపోవడం అందరూ మెచ్చుకునే గుణం, నాకు అన్నిటికంటే భయం వేసేదీ అదే. డీజిల్ అయితే బండి బతికి ఉందని చెవికి తెలుస్తుంది. ఇందులో తాళం ఆన్‌లో ఉండి, చేతి థ్రాటిల్ సగంలో ఉండి, ఎవరో పిల్లవాడు పీటీఓ షాఫ్టు పక్కన నిలబడి ఉండొచ్చు. కాబట్టి సీటు కింద స్విచ్చు, మనిషి దిగితే మోటారు ఆగాలి. గేరు న్యూట్రల్‌లో, థ్రాటిల్ సున్నాలో ఉంటే తప్ప ఆన్ అవ్వకూడదు. చాలా కంట్రోలర్లలో ఈ రెండో కట్టుబాటు లోపలే ఉంటుంది, ఆన్ చేసుకోవడమే. డ్యాష్ మీద పెద్ద పచ్చ దీపం, వెనకనుంచి కూడా కనిపించేది ఒకటి. పీటీఓ గార్డు లేకపోతే ముందు అది కొనండి.

లోడు ట్రాలీతో దిగుడు ఉన్న దారిలో నడిపేవాళ్లు ఇంకొకటి ఆలోచించాలి. డీజిల్ ఇంజన్ కుదింపుతో బండిని ఆపి పట్టేది, ఆ సాయం పోతుంది. కంట్రోలరులో రీజెన్, అంటే మోటారే జనరేటరులా తిరిగి కరెంటును బ్యాటరీకి పంపే ఏర్పాటు, పెడితే మోటారు ఆ పని చేస్తుంది, కానీ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ కరెంటుకు చోటు ఉండదు. బీఎంఎస్ తటాలున విడదీస్తే బ్రేకింగూ పోతుంది, కంట్రోలరుకూ దెబ్బ. గట్టు పైన చార్జి చేసి కిందికి లోడు దించే పని మీదైతే నూటికి నూరు చార్జి చేయకండి, 90 దగ్గర ఆపండి. దానికంటే ముందు ఆ పాత బ్రేకులు బాగుచేయించండి, రీజెన్‌ను బ్రేకు అనుకోవద్దు. సమతలంలో ట్రాక్టరు వేగానికి రీజెన్ వల్ల తిరిగొచ్చే కరెంటు లెక్కలోకి రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

త్రీ ఫేజ్ మోటారు అడిగారు కదా. తిరుగుతుంది. నాలుగు పోళ్ల మోటారు అయితే 1440 చుట్లు, మీ పీటీఓకు దాదాపు సరిపోతుంది కూడా. కానీ దానికి వీఎఫ్‌డీ, అంటే చుట్లను అదుపు చేసే డ్రైవు, కావాలి, వీఎఫ్‌డీకి వెనకనుంచి 570 వోల్టుల చుట్టూ డీసీ కావాలి. అంటే 180 చిన్న సెళ్ల వరస, ప్రతి సెల్‌కూ బీఎంఎస్ వైరు, తడి పొలంలో ఇనుప బండి మీద ప్రాణం తీసే వోల్టేజి. ఫ్యాక్టరీలో చేసే బండ్లకు ఇన్సులేషన్ లీకు కనిపెట్టే ఏర్పాటు, లాకులు ఉంటాయి. షెడ్డులో చేసేదానికి ఉండవు. తక్కువ వోల్టేజికి రీవైండింగు చేయించేవాళ్లు ఉన్నారు, బాగా చేసేవాడు దొరికితే అది ఒక దారి, కంట్రోలరు జత కుదర్చడం మాత్రం మీ తలనొప్పి. ఆ మోటారును మూలనే ఉండనివ్వండి.

లైట్లకు, హారనుకు, కాంటాక్టరు చుట్టకు పాత 12 వోల్టుల బ్యాటరీ ఉంచి, పెద్ద బ్యాటరీ నుంచి డీసీ డీసీ కన్వర్టరుతో దాన్ని నింపండి. మొదటిసారి తిప్పేటప్పుడు వెనక చక్రాలు రెండూ స్టాండ్ల మీద ఉండాలి, ముందు చక్రాలకు దిమ్మలు పెట్టాలి, ఎవరూ వెనక నిలబడకూడదు. క్లచ్‌కు కలపకముందే మోటారు తిరిగే వైపు చూసుకోండి. పనిలోకి దిగాక మొదటి కొన్ని రోజులూ సాయంత్రం పెట్టె తెరిచి కేబుల్ బిగింపులు చేత్తో తాకి చూడండి, ఒక చోట మిగతావాటికంటే వేడిగా ఉందంటే ఆ బోల్టు వదులైంది. తాకేముందు మెయిన్ డిస్‌కనెక్టు తీసేయండి, ఉంగరాలు, గడియారం కూడా.

రోడ్డెక్కే బండి అయితే ఇంధనం మారినట్టు రిజిస్ట్రేషన్ కాగితాల్లో మార్పించుకోవాలి, నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. ఇన్సూరెన్సువాళ్లకు చెప్పకుండా మారిస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము రాకపోవచ్చు. ఫ్రేము కట్టాక వెళ్లి అడిగే బదులు ముందే అడగండి.

ఖచ్చితమైన మోటారు చెప్పాలంటే నాకు మూడు సంగతులు కావాలి: మీ క్లచ్ సింగిలా డబులా, పీటీఓ 540కి మీటరు మీద ఎన్ని చుట్ల గుర్తు ఉంది, ఎక్కువగా చేసే రెండు పనులకు గంటకు ఎన్ని లీటర్లు పోయేవి. అవి రాయండి, గేర్‌బాక్సు ఆయిలు తీసి చూసి అందులో ఇనుప రజను ఉందో లేదో కూడా రాయండి. రజను ఉంటే మోటారు కంటే ముందు ఆ గేర్‌బాక్సు సంగతి మాట్లాడుకోవాలి.